మొక్కులు తప్పించుకున్న దిష్టిబొమ్మ

రండి, రండి. పనులు పక్కన పెట్టి దగ్గరగా కూర్చోండి. ఆ చివర గుసగుసలు ఆపండమ్మా. నోరు లేనిదాన్ని నేనే మాట్లాడుతుంటే, నోరున్న మీరు కాసేపు ఊరుకోలేరా?

నేను ఒక దిష్టిబొమ్మను. జొన్నచేలో పుట్టాను. నన్ను చేసింది రాహేలమ్మ. కౌలుకు తీసుకున్న ఒక్క ఎకరం తప్ప ఆధారం లేని ఒంటరి మనిషి. కంకులు పాలు పోసుకునే వేళకు చిలకలు దిగబడ్డాయి. ఆ గింజలు ఇంటికి చేరితేనే ఏడాదంతా ఆమె పొయ్యి వెలుగుతుంది. అందుకని రెండు సరుగుడు కర్రలు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి కట్టి, వరిగడ్డి చుట్టింది. చిల్లుకుండకు సున్నంతో కళ్లూ మీసమూ దిద్ది తలగా బోర్లించింది. ఒంటికి తొడగడానికి ఏమీ దొరక్క, నిరుడు చనిపోయిన పాస్టరు దానియేలు అయ్యగారి పాత తెల్ల అంగీ తొడిగింది.

ఇక చూడండి నా ప్రతాపం! చిలకలు ఎంత బెదిరాయంటే, మా చేను దగ్గరకొచ్చేసరికి కిందికి దిగి, రెక్కలు ముడుచుకుని, గట్టు మీద వరసగా నడిచి వెళ్లేవి. నమ్మకపోతే ఆ చిలకలనే అడగండి.

అంతా బాగుండగా ఒకనాటి సాయంత్రం మార్తమ్మ అటుగా వచ్చింది. చర్చిలో ముందు వరసలో కూర్చునే ముసలావిడ. తెల్ల అంగీ, చాచిన చేతులు కనబడేసరికి జొన్నల్లో మోకరించేసింది.

"అయ్యగారూ, మీరు పోయిన కాణ్ణించి ఈ మోకాళ్లు నన్ను బతకనియ్యట్లేదు. తమరే చూడాల!"

నాకున్నది ఒంటికాలు. దానికి మోకాలే లేదు. మోకాళ్ల నొప్పి నాకేం తెలుస్తుంది?

రాహేలమ్మ పరుగున వచ్చింది. "అత్తా, అది గడ్డే! లెగు!"

"గడ్డయితే చిలకలు ఎందుకు బెదురుతున్నయ్యే?"

మర్నాటికి చర్చిలో సగం మంది చేలోనే ఉన్నారు. కంకులు కాళ్ల కింద నలిగాయి. ఎవరో నా పాదం దగ్గర కొవ్వొత్తి కూడా వెలిగించారు. గడ్డిమనిషికి కొవ్వొత్తి! ఆ పూట గాలి లేదు కాబట్టి మీకు ఈ కథ దక్కింది.

కబురు విని కొత్త పాస్టరు ఎలీషా వచ్చాడు. "ఏంది రాహేలమ్మా ఇదీ?"

"చిలకల కోసం పెట్టుకుంటినయ్యా. మనుషులు వాలుతున్నారు."

ఆయనకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "పది ఆజ్ఞల్లో రెండోది తెలుసు గదమ్మా. ఏ రూపానికీ సాగిలపడకూడదు. చిలకల్ని తోలుకోడానికి బొమ్మ పెట్టుకుంటే తప్పులేదు. ఆదివారంలోపు ఈ మోకరించటం ఆగకపోతే మాత్రం పీకెయ్యాల్సిందే."

పీకితే చిలకలు తింటాయి. ఉంచితే భక్తులు తొక్కుతారు. రాహేలమ్మ కొంగుతో కళ్లొత్తుకోవడం నేను చూశాను. సున్నం కళ్లే అయినా చూశాను.

తెల్లారి అందరూ ఉండగానే వచ్చి నా అంగీ విప్పేసింది. "చూడండి, నిరుటి గడ్డి. చూడండి, మా ఇంటి చిల్లుకుండ. అయ్యగారు ఇందులో లేడు!" అంటూ ఆ అంగీ తీసుకెళ్లి మార్తమ్మ మోకాళ్లకు చుట్టింది. "చలికి పట్టేసినయ్యి అత్తా. ఇట్టా కప్పుకో."

తర్వాత నాకు తన పాత పూల నైటీ తొడిగింది. నైటీకి ఎవరు మోకరిస్తారు? చిలకలు మాత్రం రెట్టింపు బెదిరాయి. జనం నవ్వుకుంటూ చేను విడిచి వెళ్లారు. మిగిలిన పంట చెక్కుచెదరకుండా ఇంటికి చేరింది.

ఆ రెండో ఆజ్ఞకు నేను రుణపడి ఉన్నానండీ. అది మనుషుల కోసమే పుట్టిందనుకుంటారు గానీ, బొమ్మల ప్రాణం కూడా కాపాడుతుంది. అందరి కష్టాలూ ఈ ఖాళీ కుండలో పోస్తే నేనేం తిరిగివ్వగలను? ఇప్పుడు నాకు చేతనైన పనే చేస్తున్నాను. రాహేలమ్మ చల్లగా ఉండాలి, ఆ మార్తమ్మ మోకాళ్లూ చల్లగా ఉండాలి. కాదు కాదు, వెచ్చగా ఉండాలి.

నైటీ తొడిగిన రోజున గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న తోమాసు తాత మాత్రం నావైపు తిరిగి, మర్యాదగా తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, రాహేలమ్మను కోప్పడ్డాడు:

"ఏందే ఇదీ! చచ్చిపోయినోళ్లకి గూడా బదిలీలుంటయ్యా? పోనీ, అయ్యగారికి బదిలీ అయితే అయింది, అమ్మగారిని ఒక్కదాన్నే ఎండలో నిలబెట్టి పోతాడా?"