రెండు గంట్ల పళ్ళెం

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. పద్నాలుగు రోజులు దూరదర్శిని ఉన్న కొండను కమ్ముకుని కూర్చున్న మబ్బు తెల్లారేసరికి తూర్పు శిఖరాలు దాటిపోయింది. కింద వయ్యెనార్ ఊరికి పోయే దారిలో మంచు తోసే బండి చప్పుడు వినిపిస్తోంది.

ఎలిసేయో సంచి సర్దుకున్నాడు. తొమ్మిది రోజుల కిందట అతనికి ఆడపిల్ల పుట్టింది. రేడియోలో కబురు చెప్పారు, అంతే. పన్నెండు గంటల బస్సెక్కితే సాయంత్రానికి ఎత్తుకోవచ్చు. తప్పితే మళ్ళీ బస్సు ఎనిమిది రోజులకు.

"మొహం చూడకుండానే పేరు పెట్టావట?" అంది మిర్తా. దూరదర్శినికి పళ్ళేలు సిద్ధంచేసే ఆ గదిలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఆమె సంచి కూడా గుమ్మం దగ్గరే ఉంది.

"పెట్టింది మా ఆవిడ, దోన్యా మిర్తా. నాకు చెప్పారంతే."

"పోనీలే నాయనా. ముక్కు నీది రాకుంటే చాలు."

వెళ్ళబోతూ పళ్ళెం మీది గుడ్డ ఎత్తాడు. బండిచక్రమంత అల్యూమినియం రేకు, ఆరువందల చిల్లులు. ఒక్కో చిల్లుకు కంటికి ఆనని ఒక్కో గెలాక్సీ. చిల్లులో చేత్తో గుచ్చిన గాజుపోగు దాని వెలుగును దించుతుంది. ఆ వెలుగును విడదీసి, ఎరుపు వైపు ఎంత జరిగిందో చూసి, దూరం లెక్కగడతారు. మబ్బు పట్టిన రోజునే అతను అన్నీ గుచ్చి ఉంచాడు.

అంచున ఒకటే గంటు ఉంది.

ఒక గంటుది, ఆ గెలాక్సీలున్న చోటు నడినెత్తికి రాకముందు చూడటానికి. రెండు గంట్లది, దాటాక చూడటానికి. గాలి వెలుగును వంచే తీరు మారితే చిల్లులు వెంట్రుకవాసి జరగాలి. తాము కదలక పడివున్న పద్నాలుగు రోజుల్లో ఆకాశం గంటసేపు పడమటికి పోయింది; ఇప్పుడు చీకటి పడేసరికే ఆ చోటు నడినెత్తి దాటి ఉంటుంది. నిన్న పళ్ళెం సంగతి మిర్తా అడిగితే అలవాటుగా "సిద్ధం" అన్నాడు. రేపటినుంచి వెన్నెల, అంత సన్నటి వెలుగు అందులో దొరకదు. ఈ రాత్రి పోతే పటంలో ఆ చోటు ఏడాదిదాకా ఖాళీయే.

గుడ్డ కప్పేశాడు. ఎవరూ చూడలేదు. బయట బస్సు హారన్ మోగింది.

మళ్ళీ గుడ్డ తీశాడు. "నేను గుచ్చింది ఒక గంటుది."

మిర్తా వచ్చి చూసింది. "కప్పేసి పోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసు."

"అన్నీ పీకి మళ్ళీ గుచ్చాలంటే ఒక్కడికి ఎంతసేపు?"

"ఎనిమిది గంటలు."

"పొద్దు ఆరింటికే పోతుంది." ఆమె కిటికీ తీసింది. "దోన్ ఒర్లాండో, మీరు పొండి."

"ఏం, కొండమీదే కాపురం పెడతారా?" అన్నాడు డ్రైవరు.

"పెట్టి పద్నాలుగు రోజులైంది."

బస్సు చప్పుడు మలుపు దాటేవరకు ఎలిసేయో తల ఎత్తలేదు. మొదటి పోగు పీకాడు. మిర్తా అవతలి అంచునుంచి మొదలుపెట్టింది.

చీకటి పడుతుండగా రెండు గంట్ల పళ్ళెం దూరదర్శిని కిందికి చేరింది. వంటగదిలో సేమియా వేసి వండిన చిక్కుడు గింజలు మిగిలాయి. వంటమనిషి నిబాల్దో మూడు గిన్నెల్లో పోసి తానూ కూర్చున్నాడు. రొట్టె రెండువారాలనాటిది. మిర్తా తన ముక్క విరిచి సగం ఎలిసేయో గిన్నె పక్కన పెట్టింది. అతను దాన్ని చారులో నానబెట్టాడు.