బిళ్ల తాడు

ఆమె కాలరు అంచు మడిచి సూది కిందికి తోసింది. పొత్తికడుపులో మంట. కాలు మీద కాలు బిగించింది. బాత్రూముకు వెళ్లాలంటే మెడలో అనుమతి బిళ్ల వేసుకోవాలి. ఫ్యాక్టరీలో ఆ మిషన్ల వరస మొత్తానికీ ఒక్కటే బిళ్ల. అది సూపర్‌వైజరు పక్కన మేకుకు వేలాడుతోంది. ఆమె దానికోసం చెయ్యెత్తింది.

"మళ్లీనా? పోయినవారం మూత్రం పరీక్షలో ఏమీ లేదని తేలిందిగా. నీకున్నది జబ్బు కాదు, బద్ధకం," అన్నాడతను అందరికీ వినపడేలా.

పెళ్లికి ముందే ఈ పనిలో చేరింది. పొద్దున గుక్కెడు నీళ్లయినా తాగకుండా రావడం అప్పుడే నేర్చుకుంది. కూతురు కడుపులో ఉన్నప్పుడూ ఆపుకుంది. మొగుడు పోయిన నెలలోనూ ఆపుకుంది. ఆమె కుట్టిన కాలరు ఒక్కటీ తప్పుందని తిరిగి రాలేదు. ఆ ముక్క ఎవరూ పైకి అనలేదు.

భోజనాల గంట కొట్టగానే, అన్నం డబ్బా తెరవకుండా ఎదురు వీధిలోని ల్యాబుకు వెళ్లింది.

"మీ రిపోర్టు తప్పు."

ల్యాబులో పనిచేసే పిల్ల తలెత్తింది. "పరీక్షకు ముందు మాత్రలేమైనా మింగావా అక్కా?"

"మా వదిన దగ్గర మిగిలినవి. రెండు రోజులు."

"నీళ్లు?"

"తీరా మూత్రం రాకపోతే నవ్వుతారని నీళ్ల సీసా ఖాళీ చేశా."

"బాగానే ఉంది! క్రిములు సగం మందుకు అణిగాయి, మిగతావి నీళ్లలో పలచబడ్డాయి. ఇక పరీక్షకేం దొరుకుతుంది? ఈసారి మందు వద్దు. నాలుగు గంటలైనా ఆపుకుని ఇవ్వాలి. ఆపుకోగలవా?"

ఆమె పగలబడి నవ్వింది. "నన్నా అడుగుతున్నావు? పొద్దుటి నుంచీ అదే పనిలో ఉన్నా. ఆ డబ్బా ఇలా ఇయ్యి."

"మొదట కాస్త వదిలేసి పట్టు."

ల్యాబు పిల్ల అందులో ముంచిన పరీక్ష పట్టీ చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగింది.

"ఉందక్కా. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లు."

ఆమె తిరిగొచ్చి సూపర్‌వైజరు ముందు నిలబడింది. "ఉందట."

"కాగితమేది?"

"ఇంకా రాలేదు."

"వచ్చాక చూద్దాం. కూర్చో."

ఆమె మేకు మీది బిళ్ల తనే తీసుకుంది. తీరిగ్గా వెళ్లింది, తీరిగ్గా వచ్చింది. మిషను తొక్కి ఒక్క కాలరు కుట్టింది. లేచి పక్క మిషను పిల్ల భుజాన్ని తట్టింది.

"నీళ్లు తాగవే. తాగి, లేచి వెళ్లు. ఎవణ్ణీ అడక్కు."

అన్నం డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటింది. వెనక్కి చూడలేదు.

సాయంత్రం సూపర్‌వైజరు బిళ్ల కోసం వెతికాడు. ఆమె మిషను మీద తెల్ల చొక్కా ఒకటి ఉంది, దాని మెడలో బిళ్ల. బిళ్ల తాడు దాని కాలరు లోపలికి మడిచి ఉంది, పైన రెండు వరసల గట్టి కుట్టు.