ఏడు ఎర్ర దారాలు

విత్తనానికని చెట్టునే ఉంచిన ఏడు టమాటాలూ మాయమవడం ఆదివారం పొద్దున్నే ఆమె కళ్ళబడింది.

కొమ్మలు విరగలేదు. ఆకు చెదరలేదు. పండ్లకు కట్టిన ఎర్ర దారాలు మాత్రం మొదటి ఊతకర్ర కింద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న రాయి.

ఆ ఇంట్లో ఎర్ర దారం కట్టిన పండును ఎవరూ ముట్టుకోరు. అది చెట్టు మీదే మెత్తబడాలి. దాని గింజల్ని నానబెట్టి, కడిగి, ఆరబెట్టి రేకు డబ్బాలో దాచాలి. ఆ రకం విత్తనం ఏ దుకాణంలోనూ దొరకదు. ఆమె నాన్న నలభై ఏళ్ళు ఏరి ఏరి తయారుచేసుకున్నది. డబ్బాలో ఉన్నదంతా ఈసారి నాటేసింది. ఎండకు కొత్త పూత రాలిపోయింది. మిగిలిన పండ్లన్నీ శుక్రవారం కోసి, నిన్న శనివారం బజారులో అమ్మేసింది. ఇక ఆ రకానికి ఉన్న ప్రాణమల్లా ఆ ఏడు పండ్లే.

"పిట్టలేమో," అన్నాడు భర్త, పళ్ళు తోముకుంటూ వచ్చి.

"పిట్టలు ముడి విప్పి, దారాలు పేర్చి, రాయి పెట్టి వెళ్తాయాండీ?"

"చదువుకున్న పిట్టలేమో."

ఆమె నవ్వలేదు. అతను బ్రష్షు నోట్లోంచి తీశాడు. "పోనీ ఆ హోటల్ వంటమాస్టారు? ఒక్క పండు విత్తనానికి ఇవ్వమ్మా అని నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాడుగా."

ఆమె ఒక దారాన్ని వెలుతురుకేసి పట్టుకుంది. ఎక్కడా తెగలేదు, నలగలేదు. అది నాన్న వేసే ముడి. ఎడమ కొస లాగితే జారి వచ్చేస్తుంది. కుడి కొస లాగితే బిగుసుకుపోయి కత్తెరకు తప్ప లొంగదు. తెలియనివాడు ఏడింటిలో రెండైనా బిగించేసి కోసి ఉండేవాడు. ఇక్కడ ఏడూ జారి వచ్చాయి.

ఆ ముడిని నాన్న ఇద్దరికే నేర్పాడు. ఒకరు తను.

"నిన్న బజారులో బావ బల్ల ఖాళీగా ఉంది కదూ?" అన్నాడు భర్త నెమ్మదిగా. అతనికీ లెక్క తేలింది.

"ఒంట్లో బాగోలేదని వదిన ఫోన్ చేసింది."

శనివారం బజారులో అన్నాచెల్లెళ్ళ బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఆమె బల్ల ముందు జనం నిలబడతారు. అన్నయ్య బల్ల ముందు నిలబడేది ఆమె బల్ల దగ్గర చోటు చాలనివాళ్ళు. వాళ్ళు అతని వంకాయల మీద చేతిసంచీలు ఆనించి, మెడలు చాచి ఇటే చూస్తుంటారు. "ఏమ్మా, ఊరికే పంచుతున్నావా ఏంటి?" అని అన్నయ్య నవ్వేవాడు. ఆ నవ్వు మూతి దాటి పైకి పోయేది కాదు.

ఆమె దారాలు గుప్పిట్లో పెట్టుకుని కంచె దాటింది. అవతల బావి పక్క నేల. నల్లగా, మెత్తగా, చెప్పు దిగబడేంత పదునుగా ఉంది. పంపకాల్లో ఇది అన్నయ్యకు వచ్చింది. రాళ్ళ దిబ్బ, రేకు డబ్బా తనకు. కంచె దాటిన ప్రతిసారీ ఆ మట్టిని చూసి ఇది నాకు రాలేదే అని ఆమె కుళ్ళుకుంటుంది. ఇవాళ కాలికి అంటిన మట్టిని కావాలనే గట్టు రాయికేసి రాసింది.

వదిన వాకిట్లో ఉల్లికాడలు కట్టలు కడుతోంది.

"అన్నయ్యకు ఎలా ఉంది వదినా?"

"జ్వరమా పాడా! నన్ను అలా చెప్పమన్నాడు, చెప్పా. నిన్న పొద్దున్నే బండేసుకుని ఎటో పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. అప్పట్నుంచి వంటగది కిటికీ దగ్గరికి నన్ను కూడా రానివ్వడే! నా వంటగదికి నేనే పరాయిదాన్నయ్యా."

ఆమె లోపలికి వెళ్ళింది. అన్నయ్య కిటికీకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అతని భుజం వెనక గాజు గ్లాసు, మూతికి పల్చటి గుడ్డ, దానికి రబ్బరు బ్యాండు. పులిసిన టమాటా వాసన. చిన్నప్పుడు నాన్న గదిలో వచ్చే వాసన.

ఆమె గుప్పిట విప్పి దారాలు వంటగట్టు మీద పెట్టింది.

అన్నయ్య ఒక దారం తీసి వేలికి చుట్టుకున్నాడు.

"నేనే కోశా. నిన్న నీ బండి మలుపు తిరిగాక వచ్చా. అమ్మడానికే కోశా, అబద్ధమెందుకు? వంతెన అవతలి బజారుకు పోయా. అక్కడైతే నువ్వుండవు. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, నా బల్ల ముందు జనం నిలబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నిలబడ్డారే! ఆరు పండ్లు ఇట్టే పోయాయి. ఏడోది ఒక పెద్దావిడ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, 'ఇవి అటువైపు బజారులో అమ్మాయి పండించేవి కదూ? నువ్వు ఆ పిల్ల దగ్గర పనిచేస్తావా నాయనా?' అంది. కోసింది నేను, మోసింది నేను, బల్ల నాది. అయినా నేను నీ పనివాణ్ణి! ఆవిడ చేతిలోంచి లాక్కున్నా. తిట్టిపోసింది. ఇంటికొచ్చి దాన్ని గ్లాసులో పిండా. నాకు రాదనుకున్నావా? నీకు జడ వేసుకోవడం రాని రోజుల్లోనే నేను నాన్న పక్కన కూచుని గింజలు కడిగా. ముందు నేర్పింది నాకు. డబ్బా ఇచ్చింది నీకు. నా నేలను చూసి నువ్వు మొహం మాడ్చుకుంటావు, నేను గమనించలేదనుకోకు. నేల ఎవరికైనా దొరుకుతుందే, ఆ విత్తనం దొరకదు. ఈ గ్లాసు పట్టుకెళ్ళు. రేపే కడగాలనిపిస్తుంది, కడక్కు. ఎల్లుండికి పైన తెల్ల పొర కడుతుంది, అప్పుడు కడిగి నీడలో ఆరబెట్టు. దారాలు తెంపేసి ఉంటే ఎవడో దొంగ అనుకునేదానివి, ఆ సంగతి నాకూ తెలుసు. కత్తెర జేబులోనే ఉంది. నాన్న ముడి మీద పెట్టడానికి చెయ్యి రాలేదు."