మేడం ఈపొద్దు రారు

షరీఫాబీ కడిగిన సీసాను వెలుతురుకెత్తి చూసి, నచ్చక మళ్ళీ కుళాయి కింద పెట్టింది. సబ్బు పిసరంత మిగిలినా లోపలి గదిలో కణాలు చచ్చిపోతాయని శాస్త్రవేత్త సౌమ్య మేడం చెప్పింది. హిందూపురం ఊరి చివర ఈ పట్టుపురుగుల ప్రయోగశాలలో చేరినప్పటినుంచీ ఆమె కడిగిన సీసా ఒక్కటీ చెడలేదు. నలభై దాటిన మనిషి, బక్కపలచన. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడుచుకుపోయాయి. తలకు టోపీ, మూతికి మాస్కు, మధ్యలో రెండు కళ్ళు. అవి శాంతంగా ఉండగా ఎవరూ చూడలేదు.

పాలరోగం వస్తే పురుగు ఒళ్ళు ఉబ్బి, తెల్లటి రసం కారి, షెడ్డుకు షెడ్డే పోతుంది. రైతు తన ఇంట్లోనే దాన్ని ముందుగా పట్టుకునే పరీక్ష తయారుచేయాలని సౌమ్య పంతం. అందుకని ఎలుకకు ఆ రోగక్రిమిని సూదితో ఎక్కిస్తారు. ఎలుక ప్లీహంలోని కణాలు రోగాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి గానీ బయటికి తీస్తే ఎన్నాళ్ళో బతకవు. క్యాన్సర్ కణాలకు గుర్తుపట్టడం రాదు, చావడమూ రాదు. రెండింటినీ ఒక గొట్టంలో చేర్చి, ఆముదంలాంటి చిక్కటి రసాయనాన్ని చుక్క చుక్కగా వేస్తే వాటి పొరలు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అలా కలిసిన కణం రోగాన్ని గుర్తుపడుతుంది, చావదు; పరీక్షకు కావాల్సింది అదే. ఆ రసాయనం కాస్త ఎక్కువసేపు ఉంటే అదే చంపేస్తుంది. అందుకే మొదలుపెట్టాక మేడం కదలదు.

ఇదంతా విని షరీఫాబీ ఒకసారి, “పగ ఉండాల, చావు ఉండగూడదు. అంతే గదా మేడం?” అంది. సౌమ్య పకపకా నవ్వింది. షరీఫాబీ నవ్వలేదు.

ఆమె పగ నాగభూషణం మీద. గుడ్లు పొదిగించి, చిన్న పురుగుల్ని కొన్నాళ్ళు సాకి రైతులకు ఇచ్చే చాకీ కేంద్రం ఆయనది. పెనుకొండ దగ్గర షరీఫాబీ, ఆమె మొగుడు గౌస్‌సాబ్ ఆయన పురుగుల్నే తెచ్చి పెంచారు. తీరా గూడు కట్టే వేళకు షెడ్డంతా పాలరోగం. గూళ్ళ మార్కెట్లో ఆయన్ను నిలదీస్తే, “నా పురుగులు మంచివే. నీ పెండ్లాం చెయ్యే మంచిది గాదప్పా” అన్నాడు గౌస్‌సాబ్‌తో, అందరూ వింటుండగా.

ఆ మాట ఆమెకంటే ముందే ఊరు చేరింది. అంతవరకూ పండిన పురుగును గూడు కట్టే వెదురు చంద్రికల మీదికి ఎక్కించాలంటే ఊరంతా ఆమెనే పిలిచేది. ఆ తర్వాత ఆకు కోయడానికి కూడా పిలవలేదు. పక్కింటి వెంకటక్క ఆమెను చూసి షెడ్డు తలుపు మూసేసింది. గౌస్‌సాబ్ ధర్మవరం పోయి ఆటో పట్టాడు. పరీక్ష తయారైన రోజు మొదట నాగభూషణం పురుగులకే చేయించి, అదే మార్కెట్లో ఆయన పరువు తీయాలి. ఆ కోరికే ఆమెతో సీసాలు కడిగిస్తోంది.

“గంటసేపు నన్ను పిలవద్దు షరీఫా. తర్వాత ఎవరొచ్చినా చూస్తాను,” అని సౌమ్య లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కాసేపటికి గుమ్మంలో మనిషి అలికిడి. “మేడం ఉండారా అమ్మా?”

ఆ గొంతు ఆమె మరిచిపోతే కదా! నాగభూషణం గడ్డం మాసి, చొక్కా చెమటకు తడిసి, మూతకు చిల్లులు పొడిచిన మిఠాయి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆమెను పోల్చుకోలేదు. మార్కెట్లో ఆ రోజు కూడా ఆయన ఆమె మొహం చూడలేదు.

“ఏం పని?”

“పురుగులు తెచ్చినా. కొన్ని ఆకు ముట్టకుండా తట్టల అంచులెంబడి తిరుగుతాండాయి. మేడం చూసి రోగమంటే అన్నీ కాల్చేస్తా. మధ్యాన్నం రొళ్ల ఊరి రైతులు వస్తాండారు తీస్కపోను.”

“చూసేవాళ్ళు లేకుంటే?”

“ఇయ్యక తప్పదు. ఒట్టి చేతుల్తో పంపితే మళ్ళా వస్తారా?” డబ్బాను బల్ల మీద పెట్టాడు. “ముందొకతూరి ఇట్లే అనుమానంగా ఉన్నా ఇచ్చేస్తి. పెనుకొండ కాడ సాయిబుల ఇల్లు, పురుగంతా పాయ. అడిగేకొస్తే నా పేరు కాపాడుకోను ఆయమ్మ చెయ్యి మంచిది గాదంటి. ఇంకో ఇల్లు చెరపలేనమ్మా.”

షరీఫాబీకి ఒళ్ళు మండిపోయింది. తెలిసే అన్నాడు! తెలియక నోరు జారాడేమోనని మనసులో ఏ మూలో ఉన్న కాస్త జాలీ ఆ క్షణంలో పోయింది. మాస్కు లాగేసి మొహం చూపించాలనిపించింది. చూపిస్తే కాళ్ళ మీద పడతాడేమో, పడితే క్షమించాల్సి వస్తుందేమోనని భయపడింది. వద్దు. రొళ్ల వాళ్ళు వచ్చి చొక్కా పట్టుకోవాలి. అప్పుడు ఎవరి చెయ్యి మంచిది కాదంటాడో చూడాలి.

“మేడం ఈపొద్దు రారు.”

“కాసేపు కూచుంటా.”

“ఎంతసేపు కూచున్నా రారు. బెంగుళూరు పోయినారు.”

ఆయన మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. “సరేలేమ్మా. డబ్బా ఈడనే పెట్టిపోతా, వచ్చినాక చూడమను.” బయట స్కూటర్ చప్పుడు దూరమైంది. షరీఫాబీ కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళలో ఇంత సుఖం ఎరగదు. డబ్బాను తీసి బల్ల కింద పెట్టి, సీసాల పని చూసుకుంది.

సౌమ్య వెలిగే మొహంతో బయటికొచ్చింది. “ఈసారి బాగా కుదిరింది షరీఫా. ఎవరైనా వచ్చారా?”

“ఎవురూ రాలేదు మేడం.”

సౌమ్య భోజనానికి వెళ్ళిపోయింది. రొళ్ల వాళ్ళు వచ్చిపోయే వేళ దాటింది. రొళ్లలో షరీఫాబీకి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ ఏదో ఒక ఆడమనిషి తట్టలు పరిచి, కొత్త పురుగుల కోసం లేత ఆకు తరుగుతూ ఉంటుంది. రేపు ఆ మనిషిని ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. ఆ సుఖం ఎటు పోయిందో పోయింది. వంగి డబ్బాను బయటికి లాగి మూత తీసింది.

మల్బరీ ఆకు అంచున ఒక పురుగు కణుపు కణుపూ ఉబ్బి తెల్లటి చుక్క కారుస్తోంది, దాని పక్కనే ఇంకొకటి ఆ తడిసిన ఆకును కొరుకుతోంది.