అరగదీసిన డిస్కు

అక్క టైలర్. చెల్లెలు బ్యాంకు కౌంటర్లో కూర్చునేది. ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ పార్కు వెనక చెట్లలో డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్ళు. పళ్ళెమంత బిళ్ళని దూరం నుంచి విసిరి గొలుసులు వేలాడే బుట్టలో పడెయ్యడమే ఆ ఆట.

అక్కది చవకరకం ప్లాస్టిక్ డిస్కు. తడిచేతికి కూడా పట్టు దొరికేది. కొత్తలో అది చివరికొచ్చేసరికి ఎడమకి ఒరిగి దిగేది. చవక ప్లాస్టిక్ చెట్టుకి తగిలినప్పుడల్లా అంచు నలుగుతుంది, నలిగేకొద్దీ ఆ ఎడమ బుద్ధి వదులుతుంది. మూడేళ్ళపాటు చెట్లకేసి కొట్టి, అంచున లేచిన పొట్టుని గరుకు కాగితంతో రుద్ది, చివరికి దాన్ని ముక్కుసూటిగా పోయేలా చేసుకుంది అక్క. ఇంకాస్త అరిగితే కుడికి తిరిగిపోతుందని ఆమెకు తెలుసు. అందుకే పొదుపుగా వాడుకునేది.

అంతలో డిస్కులు తయారుచేసే కంపెనీ ఒకటి చెల్లెల్ని జట్టులోకి తీసుకుంది. అక్కని చూసి, "వయసు కొంచెం..." అని నసిగారు. చెల్లెలికి పెట్టెడు ఖరీదైన డిస్కులిచ్చి, పోటీల్లో అవే వాడాలన్నారు. అవి రాయికేసి కొట్టినా చెక్కుచెదరవు. చెక్కుచెదరవు కాబట్టి ఎడమకి పోవడమూ మానవు. మొదటి పోటీలో ఆఖరి బుట్టేమో ఇరుకు సందులో, రెండు వరసల చెట్ల మధ్య ఉంది.

"అక్కా, నీ పాతది ఒక్కసారి ఇవ్వవా?"

"కంపెనీవాళ్ళు ఊరుకుంటారా?"

"వాళ్ళకెలా తెలుస్తుందిలే."

అక్క ఇచ్చింది.

ఆ డిస్కు సందులోంచి గీత గీసినట్టు పోయి గొలుసుల్లో పడింది. జనంలో నిలబడి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అక్క. చెల్లెలు మైకు అందుకుని డిస్కు పైకెత్తి చూపించింది. దానిమీది పాత కంపెనీ ముద్ర చెరిగిపోయి ఉంది. గోళ్ళరంగు తుడిచే మందుతో చెరిపి, తన కంపెనీ గుర్తు గీసుకుంది.

"కొత్తది. పెట్టెలోంచి తీసి విసిరానంతే. గొప్పతనమంతా మా ప్లాస్టిక్‌దే" అంది.

పక్కనున్నావిడ అక్క వైపు తిరిగి, "మీరూ ఆడతారా?" అనడిగింది.

"ఏదో, సరదాకి" అంది అక్క.

ఇంట్లో అమ్మ, "పోనీలేవే, అది గెలిస్తే నువ్వు గెలిచినట్టు కాదూ" అంది. చెల్లెలు డిస్కు తిరిగివ్వలేదు. అక్క అడగలేదు.

కొన్ని నెలలకు చెల్లెలు కుట్టు కొట్టుకొచ్చింది. ఆ డిస్కు బాగా అరిగిపోయిందనీ, ఎలా విసిరినా కుడికి తిరిగిపోతోందనీ చెప్పింది. సంచిలోంచి చవకరకం కొత్తది తీసి బల్లమీద పెట్టింది.

"నాకు ఇంకోటి అరగదీసి పెట్టవా?"

"మూడేళ్ళు పడుతుంది."

"పర్లేదు, నాకేం తొందర లేదు."

అక్కకి ఒళ్ళు మండలేదు. ఏరు దాటేశాక తెప్పని తగలేసేవాళ్ళని చూసింది గానీ, ఆ బూడిద దగ్గరికే వచ్చి ఇంకో తెప్ప కట్టిపెట్టమనేవాళ్ళని చూడలేదు. మిషను ఆపకుండానే, "చెట్లు అక్కడే ఉన్నాయి, వెళ్ళి కొట్టుకో" అంది.

"ఇన్నాళ్ళూ కడుపులో ఇంత కుళ్ళు పెట్టుకున్నావన్నమాట" అని చెల్లెలు విసురుగా వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు కంపెనీ ఆమెను జట్టులోంచి తీసేసింది. ఆ కబురు మోసుకొచ్చింది అమ్మే. వింటే మనసు చల్లబడుతుందనుకుంది అక్క. చల్లబడలేదు. ఆదివారాలు కూడా కొట్టు తెరవడం అప్పటికే అలవాటైపోయింది.