కనకయ్య జాగా

ఊరుకాని ఊళ్లో, మగ్గాల పేట గోడాదరాలో కనకయ్య గదికి మొదటినుంచీ ఒక అలవాటుంది. కొత్త మనిషి చేరితే వెనక గోడ చాప వెడల్పు వెనక్కి జరుగుతుంది, మనిషి పోతే అంతే ముందుకొస్తుంది. ఓనరు తలకింత అని కిరాయి తీసుకునేవాడు కాబట్టి ఆయనకూ పేచీ లేదు. కనకయ్య, భార్య పద్మారాణి, కూతురు నవత చీర అడ్డం కట్టుకుని ఒకవైపు ఉండేవారు. రెండోవైపు సిరిసిల్ల నుంచి వచ్చిన రాజనర్సు, లింగమూర్తి, నరేశ్. రాత్రి మగ్గం నడిపినవాడు వచ్చి వాలితే పగటివాడు లేచి పోయేవాడు. చాప చల్లారేది కాదు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. ముగ్గురూ ఊరి బాట పట్టారు, గోడ మూడుసార్లు ముందుకొచ్చింది. మరుసటేడు కరోనాతో కనకయ్యను ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడినుంచి ఫోను రాకముందే గోడ జరిగింది. తల్లీకూతుళ్లకు కబురు అట్లా తెలిసింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఇప్పుడు స్టవ్వు పెడితే కాళ్లు చాపడానికి లేదు. పద్మారాణి బట్టలు మూట కట్టేసింది.

"ఇగ నాతోని కాదు బిడ్డా. ఊరికి పోదాం. ఈ గోడ నా రొమ్ము మీద కూసున్నట్టుంది."

"జర ఆగమ్మా. ఇంటర్వ్యూ అయిపోనీ."

సర్వర్లు చూసుకునే ఉద్యోగం అది. చదివితే చాలదు, చేసి చూపమంటారు. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే మూలుగుతుంది. నవత పాత కంప్యూటర్లమ్మే అంబదాస్ దగ్గరికి పోయింది.

"ఆ పెద్ద సర్వర్ అగ్గువకే వస్తది గని, కరెంటు తాగుతది. పంకాల లొల్లికి పక్కింటోళ్లు తంతరు" అన్నాడు అంబదాస్. "గీ ఆఫీసు డబ్బా తీస్కో. ప్రాసెసర్ పాతదే గని వర్చువల్ మిషన్లు నడిపిస్తది, ఒక్కదాంట్లనే నాలుగు కంప్యూటర్ల లెక్క. మెమరీ పెంచియ్యాల్నా, బ్యాటరీ పెట్టాల్నా? నీ పైసలకు రెండూ రావు."

"మెమరీనే కాకా. అది లేకుంటే నాలుగు మిషన్లు పట్టయి."

"కరెంటు పోతే నాలుగూ ఒక్కసారే ఆగుతయి మరి."

"ఆగితే మళ్ల పెట్టుకుంట" అంది నవత.

డబ్బాను స్టవ్వు పక్కన ఇరికించింది. పద్మారాణి అనుమానంగా చూసింది.

"ఏందే ఇది?"

"ఒక్క డబ్బాల నలుగురుంటరమ్మా. ఒకడు పండుకుంటే ఇంకొకడు పని చేస్తడు."

"మన గది లెక్క."

"అచ్చం గట్లనే. పేర్లు చెప్పు, పెడత."

పద్మారాణి ఆలోచించకుండానే చెప్పింది. రాజనర్సు అనే మిషను లేవగానే గోడ చాప వెడల్పు వెనక్కి పోయింది. తర్వాత లింగమూర్తికి, నరేశ్‌కు కూడా జరిగింది. నాలుగోది భర్త పేరు, పద్మారాణి కీబోర్డు వైపు వేలు చూపింది. నవతే టైపు చేసింది. గోడ జరిగి, పక్క గోడకు కనకయ్య చొక్కా తగిలించే మేకు బయటపడింది. ఆ రాత్రి పద్మారాణి మూట విప్పింది.

నవత ఇంటర్వ్యూలో నెగ్గింది. పుణె వచ్చి చేరమన్నారు. సంతోషపడాల్సిన మాటే, డబ్బా వైపు చూస్తూ తల్లికి చెప్పింది.

"నువ్వు గూడ రా అమ్మా. డబ్బా బంద్ చేసి పట్టుకపోదాం. ఆడ మళ్ల పెడితే నాయిన మళ్ల వస్తడు."

పద్మారాణి మేకు కింద చాప పరిచి కూర్చుంది.

"మొన్న పోయినప్పుడు నన్ను సూడనియ్యలే. ఇప్పుడు నా ముంగటనే గోడ జరగాల్నా? నువ్వు పో బిడ్డా. నేను ఈడనే ఉంట."

ఇంతలో బయట వీధి దీపం ఒకసారి మినుకుమంది. ఇద్దరూ గోడవైపు చూశారు. పద్మారాణి రెండు చేతులూ గోడకు ఆనించి పట్టుకుంది. దీపం నిలదొక్కుకున్నాక కూడా తీయలేదు. ఆమెను అట్లా వదిలి ఏ ఊరికి పోగలదు?

నవత పుణెకు ఫోన్ చేసి రానని చెప్పింది. తెల్లారి అంబదాస్ షట్టరు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

"బ్యాటరీ కావాలె కాకా. ఉన్నదాంట్ల పెద్దది."