అమ్మ పట్టిన ఉపవాసం

మా వీధిలో అందరూ నన్ను భక్తురాలన్నారు. జబ్బని ఎవరూ అనలేదు.

సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకి. మిగిలిన రెండు రోజులకీ ఏదో ఒక తిథి దొరక్కపోదు. ఇంతమంది దేవుళ్లున్న ఇంట్లో అన్నం మానేయడమంత సులువైన పని ఇంకోటి లేదు. "తినవేం?" అన్నవాళ్లకు "ఉపవాసం" అని చెబితే చాలు, ఆ అడిగిన నోటితోనే మెచ్చుకుంటారు. పక్కింటి రేణుక పిన్ని అయితే తన కూతురికి నన్ను చూపించి, "ధనశ్రీ అక్కని చూసి నేర్చుకోవే. నీకు సాయంత్రమయితే నూడుల్స్ బండి కావాలి" అనేది.

అసలు సంగతి వేరు. నేను బెజవాడ బెసెంట్ రోడ్డులో చీరల షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్లకు చీర నా భుజాన వేసుకుని, కుచ్చిళ్లు పట్టి చూపించాలి. ఒకరోజు ఒకావిడ, "ఈ అమ్మాయి మీద ముద్దగా ఉందండీ. ఆ సన్నటి అమ్మాయికి కట్టి చూపించండి" అంది. చివరికి ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది మహాతల్లి. ఆ మాట మాత్రం నాతోపాటు మంగళగిరి బస్సెక్కి ఇంటికొచ్చింది. ఆ పూట అన్నం సగం తీసేశాను. తర్వాత ఆ సగంలో సగం. ఒళ్లు తేలిగ్గా అనిపించింది. ఆకలిని గెలిచిన రోజు పరీక్ష పాసయినట్టుండేది. తిన్న రోజు దొంగతనం చేసినట్టుండేది.

ఎంత ఒంటరిదాన్నయిపోయానో చెప్పలేను. అందరూ పొగిడే పనే మనల్ని తినేస్తుంటే ఎవరితో చెప్పుకుంటాం? పెళ్లి భోజనాల్లో బంతి మధ్యలో కూర్చుని, అన్నీ కెలికి, ఆకు మడిచి లేచేదాన్ని. అటూ ఇటూ అందరూ నవ్వుకుంటూ తినేవాళ్లు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ చౌడేశ్వరమ్మ అడక్కపోయినా పెట్టేది. నేనే ముట్టేదాన్ని కాదు.

షాపులో కళ్లు తిరిగి పడిపోయాక డాక్టర్ ఎలిజబెత్ గారు అమ్మకు నా ముందే చెప్పారు. "ఇది భక్తి కాదమ్మా, జబ్బు. తిట్టకండి, బతిమాలకండి. ఆకలేసినా వెయ్యకపోయినా టైముకి కొంచెం కొంచెం పెట్టండి. పక్కన కూర్చుని మీరూ తినండి. నయమవుతుంది, కానీ టైము పడుతుంది."

"అలాగేనండీ" అని అమ్మ బుద్ధిగా తలూపింది.

మర్నాడే తలస్నానం చేసి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి, దేవుడి గూట్లో పెట్టింది. "నా పిల్ల కడుపునిండా తినేదాకా నేను మెతుకు ముట్టను, పాలూ పండ్లతో సరిపెట్టుకుంటాను" అని అమ్మవారికి మొక్కుకుంది. డాక్టరు పక్కన కూర్చుని తినమంటే, మా అమ్మ పక్కన కూర్చుని పస్తుండటం మొదలుపెట్టింది! ఏం చేస్తాం, మా ఇళ్లలో ఆడవాళ్లకు తెలిసిన వైద్యం అదే. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు తమ కంచం బోర్లిస్తారు.

నాకు ప్రతి ముద్దా అమ్మ నోటి దగ్గర లాక్కున్నట్టుండేది. గొంతు దిగేది కాదు. తినే ఆ నాలుగు మెతుకులూ తగ్గిపోయాయి. నాన్న, "మీ ఇద్దరి మధ్యా కంచం ముందు కూర్చోవాలంటే భయమేస్తంది" అని తన అన్నం తను నేసే మగ్గం దగ్గరికే తీసుకెళ్లిపోయేవాడు. రేణుక పిన్ని మెచ్చుకోళ్లు ఇప్పుడు అమ్మకి మళ్లాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ రాట్నం ముందు కూర్చుని నాన్న మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. జాకెట్టు భుజం మీంచి జారుతోంది. నూలు తెగితే అతకడానికి నేను పక్కన కూర్చున్నాను. అమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఏమో అనుకున్నాగానీ ధనా, ఇప్పుడు ఆకలే అనిపించట్లేదే. ఒళ్లంతా తేలిగ్గా, హాయిగా ఉంది. ఇన్నాళ్లూ అనవసరంగా తిన్నానేమో!"

ఆ నవ్వు నాకు తెలుసు. అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వే నవ్వది. నేను ఏమైపోతానోనని ఎప్పుడూ భయపడలేదు, ఆ క్షణం అమ్మ ఏమైపోతుందోనని ఒణికిపోయాను.

"అమ్మా, లే. అన్నం పెట్టు."

"నీకా?" అమ్మ మొహం వెలిగిపోయింది.

"ఇద్దరికీ."

"నేనెలా తింటానే? నువ్వు కడుపునిండా తినేదాకా..."

"కడుపునిండా తినడం నాకు ఇవాళ చేతకాదమ్మా. ఎప్పటికి చేతనవుతుందో తెలీదు. అప్పటిదాకా నువ్వు మిగలవు." ఏడుపు తన్నుకొచ్చింది. ఇంక దాచాలనిపించలేదు. "నావి ఉపవాసాలు కావు. ఒక్కరోజు కూడా ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. నీకిప్పుడు హాయిగా ఉందన్నావే, దానికోసం అన్నం మానేశాను. అదే నా జబ్బు. మొదట్లో అలాగే ఉంటది."

రాట్నం మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆసుపత్రిలో తలూపిందే గానీ, డాక్టరు చెప్పిన మాట ఇప్పుడు అర్థమయినట్టుంది.

"ఇంత హాయిగా ఉంటుందా నీకు?"

"ఉండేది. అందుకే ఈ పస్తులు మానలేకపోయా. ఇప్పుడు హాయీ లేదు, మానడమూ రావట్లేదు."

అమ్మ రాట్నం పక్కకి జరిపింది. "ఇన్నాళ్లూ ఇందులో ఒక్కదానివే ఉన్నావా తల్లీ?" అంది.

ఆ మాట నన్నెవరూ అడగలేదు. అమ్మ ఒళ్లో తలపెట్టి బావురుమన్నాను.

కాసేపటికి అమ్మ లేచి వంటింట్లోకి నడిచింది. రెండు కంచాల్లో కొంచెం కొంచెం అన్నం, పప్పు వడ్డించి నా పక్కన కూర్చుంది.

"మరి అమ్మవారికేం చెప్పనే?"

"ఆకలేస్తోందని చెప్పు."

"వెయ్యట్లేదుగా."

"నాకూ వెయ్యట్లేదు. అయినా తిందాం."

ఇద్దరిలో ఎవరమూ ముందు చెయ్యి పెట్టలేదు. అన్నం చల్లారుతోంది. చివరికి అమ్మే కలిపి, ముద్ద పట్టుకుని, నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. ఆగడం ఎందుకో ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికి తెలుసు? నేను గబగబా నా ముద్ద కలిపి నా నోటిదాకా ఎత్తి, "నాతోపాటు తినమ్మా" అన్నాను.